బోటాటౌంగ్ బాడ్మింటన్ క్లబ్బు

బేబీకి బాడ్మింటన్ ఆడటం రాదు. ఆమె ఉన్న బాడ్మింటన్ క్లబ్బులో ఎవరికీ రాదు. అయినా ఫోన్లో తమ గుంపుకి ఆ పేరే పెట్టుకున్నారు. బర్మాలోని యాంగోన్‌లో ఇప్పుడు ఏ సందు మొగలో సైనికులు ఆపినా ముందు ఫోన్ తెరిచి చూపించమంటారు. అందులో పేరాషూట్ అన్న మాట కనిపిస్తే జవాబు చెప్పుకోలేరు. అందుకని వాళ్ల మాటల్లో పేరాషూట్ రాకెట్ అయింది, దూకడం మ్యాచ్ అయింది, దూకే చోటు కోర్టు అయింది. కింది వాటాలో ఉండే చిన్నబ్బాయి (పేరుకే చిన్నబ్బాయి, అరవై దాటినవాడు) ఈ మాటలు విని, "నాకూ షుగరు ఎక్కువయిపోనాదమ్మా, నన్నూ సేర్చుకోండి" అని వెంటపడ్డాడు. అతని అనుమానం తీరడానికి నిజంగానే రెండు బాట్లు కొని గోడకి తగిలించాల్సి వచ్చింది.

బేబీ తాత కళింగపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి బోటాటౌంగ్ రేవులో మూటలు మోశాడు. తండ్రి బుల్లియ్య అదే రేవులో క్రేను మీద పనిచేసి పోయాడు. మిగిలింది తల్లి సింహాచలమ్మ, ఒక పాత మేడ పై అంతస్తులో రెండు గదుల వాటా. బేబీకి పెళ్లయింది. భర్త మలేషియా వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "పోతే పోనాడు" అనుకుని ఆమె థాయిలాండ్ వెళ్లింది. మొదట రొయ్యల కంపెనీ. చేతులు పాచిపోయి అది మానేసి, పట్టాయా వైపు విమానాల్లోంచి టూరిస్టులని దూకించే ఒక మైదానంలో పేరాషూట్లు మడతపెట్టే పనిలో చేరింది.

ఆ పని ఆమెకి బాగా పట్టుబడింది. తాళ్లు చిక్కు లేకుండా సరిచూడాలి, గుడ్డని పొరలు పొరలుగా మడవాలి, లోపలి గాలి పోయేదాకా దాని మీద బోర్లా పడుకోవాలి, ఆ మెత్తటి ముద్దని సంచిలో కుక్కాలి. ఒక రోజు విమానంలో సీటు ఖాళీగా ఉంటే యజమాని, "నువ్వు కట్టినదాన్ని నువ్వే నమ్మవా? ఎక్కు" అన్నాడు. ఎక్కింది. ఆ తర్వాత సీటు ఖాళీ అయిన ప్రతిసారీ ఎక్కింది. కొన్నేళ్లకి, తోటి పనివాడొకడు దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న సున్నపురాయి కొండల మీదకి తీసుకెళ్లి బేస్ జంపింగ్ నేర్పాడు. విమానం అక్కర్లేదు, కొండ అంచు, టవరు, వంతెన, మేడ, ఏదైనా కదలకుండా నిలబడినదాని మీద నుంచి ఒకే ఒక్క పేరాషూట్‌తో దూకడం. రెండోది ఉండదు. ఉన్నా విప్పుకునే వ్యవధి ఉండదు.

విమానం నుంచి దూకితే తలుపు దగ్గరే గాలి ముఖాన కొడుతుంది. కొండ అంచు నుంచి దూకితే మొదట ఏ చప్పుడూ ఉండదు. తర్వాత చెవుల దగ్గర సన్నగా మొదలై పెరుగుతుంది. ఆ చప్పుడు లేని రవ్వంత సేపూ బేబీకి తను ఎవరి కూతురో, ఎవరు వదిలేసిన భార్యో, ఏ దేశంలో ఏ కాగితాల మీద ఉంటున్నదో ఏదీ గుర్తుండేది కాదు. దాని కోసమే మళ్లీ మళ్లీ కొండెక్కేది.

తల్లికి కంటి ఆపరేషన్ అంటే ఒక్క నెలకని ఇంటికి వచ్చింది. మైదానం యజమాని ఇచ్చిన పాత పేరాషూట్ వెంట తెచ్చుకుంది. మింగళాడోన్ విమానాశ్రయంలో అడిగితే టెంటు గుడ్డ అని చెప్పింది. ఆ నెలలోనే కరోనా వచ్చి సరిహద్దులు మూసేశారు. అవి తెరుచుకునేలోగా సైన్యం అధికారం లాక్కోవడంతో దేశం తలకిందులైంది. పట్టాయా మైదానం చేతులు మారి, ఆమె పని ఇంకెవరికో పోయింది. ఇప్పుడు బేబీ రేవు దగ్గర లారీలకి టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పనిచేస్తోంది.

ఆదివారాలు పేరాషూట్ విప్పి గాలికి ఆరబెట్టకపోతే వానాకాలం బూజు పడుతుంది. విప్పితే ముందు గదంతా నిండిపోయి వంటింటి గుమ్మం దాకా వస్తుంది.

"ఏటే ఇది? ఇల్లా, పడవా?" అని సింహాచలమ్మ అన్నం గిన్నె చేత్తో పట్టుకుని అరిచేది. "కాలెక్కడెట్టాల?"

"తాళ్ల మీద ఎట్టకమ్మా. గోడవారన నడు."

"నడుస్తానే, నడుస్తాను. దూకినేదా, దుమికినేదా, ఊరికే ఈ గుడ్డకి సాకిరీ. మీ నాన్న క్రేను మీద అంతెత్తున ముప్పై ఏళ్లు కూకున్నాడు. ఒక్కనాడైనా దూకాలనిపించినాదేటి ఆయనకి?"

బేబీకి ఒళ్లు మండేది. తిట్టినందుకు కాదు. దూకినేదు అన్నమాట నిజమైనందుకు.

క్లబ్బులో మొదట అయిదారుగురు ఉండేవారు. ఒకరి తర్వాత ఒకరు దేశం దాటిపోగా బేబీతో కలిపి ముగ్గురు మిగిలారు. ఒకరు ఊ తాన్ లిన్, బర్మీయుడు, పళ్ల డాక్టరు. ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో దూకడం నేర్చుకుని, సొంత పేరాషూట్‌తో తిరిగొచ్చాక ఒక్కసారీ దూకలేదు. అందరూ ఆయన్ని సయా అంటారు, గురువుగారూ అన్నట్టు. ఇంకొకడు రాజమోహన్. గంజాం నుంచి వచ్చిన కుటుంబం వాడు, ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ నడుస్తాయి. సెల్‌ఫోన్ టవర్లు ఎక్కి యాంటెన్నాలు బిగించడం వాడి ఉద్యోగం. ఏ టవరు ఎంత ఎత్తో, కింద పొలమో, తీగలో వాడికి తెలుసు. కానీ వాడు ఒక్కసారి కూడా దూకినవాడు కాదు.

రేవు దగ్గర టీ కొట్టులో ప్రతి ఆదివారం ఇదే గొడవ.

"అక్కా, నన్నెప్పుడు దూకనిస్తావు?"

"ముందు విమానంలోంచి నేర్సుకో. నూరు దూకుళ్లు దూకిరా, అప్పుడడుగు."

"విమానం ఎక్కడుందక్కా ఇక్కడ?"

"థాయిలాండ్ ఎల్లు."

"నా ఏజుకి పర్మిషన్ ఇవ్వరని నీకు తెల్దా? ఎయిర్‌పోర్టుకెల్తే అటునుంచటే పట్టుకుపోయి మిలటరీ యూనిఫాం తొడిగీస్తారు. ఎల్లడానికి నేదు, ఉండడానికి నేదు. టవరు మాత్రం రోజూ ఎక్కుతాను, మెట్లు దిగుతాను. ఎక్కుతాను, దిగుతాను. పిచ్చెక్కుతోందక్కా."

బేబీ మెత్తబడేది కాదు. నేర్చుకోకుండా దూకినవాళ్లని ఎత్తి బండిలో వేయడం ఆమె థాయిలాండ్‌లో చూసింది. డాక్టరుకి తెలుగు రాదు. అయినా గొడవ ఏమిటో తెలుసు కాబట్టి వాడి వైపు ఇంకో టీ కప్పు జరిపేవాడు.

వాళ్లు మొదట పెట్టుకున్న కోర్టు నది ఒడ్డున సగంలో ఆగిపోయిన మేడ. డబ్బు పెట్టినవాళ్లు పారిపోతే పని ఆగి, ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని అలాగే నిలబడి ఉంది. రాజమోహన్ కాపలావాడిని మంచి చేసుకున్నాడు. ఒక పండగ సెలవు నాడు తెల్లారగానే బాట్లు బయటికి కనిపించేలా సంచులు భుజాన వేసుకుని ముగ్గురూ మెట్లన్నీ ఎక్కారు. పైకి వెళ్లేసరికి గాలి నది మీద నుంచి మేడ వైపు కొడుతోంది. అలాంటి గాలిలో దూకితే పేరాషూట్ తిరిగి గోడకే కొడుతుంది. ఆగుదామన్నాడు డాక్టరు. ఆగారు. గాలి తగ్గింది. బేబీ పట్టీలు బిగించుకుని అంచు దగ్గర నిలబడింది.

అంతలో కింద మిలటరీ లారీ ఒకటి వచ్చి ఆగింది. సైనికులు దిగి, దూకి వాలాలనుకున్న ఖాళీ స్థలంలోనే చాపలు పరుచుకుని భోజనాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత నిద్రపోయారు. వీళ్లు ముగ్గురూ పైన ఎండలో, నీడనివ్వని చువ్వల మధ్య, తెచ్చుకున్న నీళ్లు అయిపోయాక కూడా కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక లారీ వెళ్లింది. అప్పటికి గాలి మళ్లీ తిరిగింది. మెట్లు దిగుతూ బేబీ బాటుని గోడకేసి కొట్టింది. అది విరిగింది. "ఇంకోటి కొనాలి" అన్నాడు డాక్టరు.

మళ్లీ వెళ్దామనుకునేలోగా భూకంపం వచ్చింది. యాంగోన్‌కి పెద్దగా ఏమీ కాలేదు గానీ, ఎత్తయిన మేడలన్నీ చూడాలని అధికారులు బయల్దేరారు. ఆ మేడ చుట్టూ రేకులు కొట్టి తాళం వేశారు. కాపలావాడిని మార్చేశారు.

ఆ తర్వాత నది దాటాక వచ్చే ట్వంటే ఊరికి అవతల, పొలాల మధ్య ఒక పాత టవరు ఉందని రాజమోహన్ కనిపెట్టాడు. ఎప్పుడో మూతపడిన కంపెనీది, యాంటెన్నాలు కూడా విప్పుకుపోయారు. కాపలా లేదు. దూకడానికి ఎత్తు కాస్త తక్కువే గానీ సరిపోతుంది. కింద కోత అయిన వరిచేలు. ఒక పక్క కాలువ, కాలువ అవతల ఊరు.

ముందురోజు సాయంత్రమే ట్వంటే చేరి, కుండలు చేసే ఒకాయన ఇంట్లో ఉన్నారు. రాజమోహన్ వాళ్ల అమ్మ మంగాయమ్మ ఆయన దగ్గరే ఏళ్లుగా కుండలు కొని యాంగోన్‌లో అమ్ముతుంది. పొద్దున వెలుగు రాగానే టవరెక్కారు. రాజమోహన్ ముందు, బేబీ మధ్య, వెనక డాక్టరు. ఆకు కదలడం లేదు. ఇన్నేళ్లలో ఇంత మంచి గాలి దొరకలేదు.

"ముందు నువ్వే, బేబీ. నీ వెనక నేను" అన్నాడు డాక్టరు. ఆయన మొహం వెలిగిపోతోంది.

రాజమోహన్ ఇనుప కడ్డీని పట్టుకుని, "ఎల్లక్కా. నేను సూస్తాను" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది బేబీకి తెలుసు. తెలిసీ ఆ క్షణాన పట్టించుకోలేదు.

దూకింది.

చప్పుడు లేని ఆ రవ్వంత సేపు వచ్చింది. అన్నేళ్లుగా ఎక్కడికీ పోకుండా తన కోసమే కాచుకుని ఉన్నట్టు వచ్చింది. పేరాషూట్‌ని లాగి తెరిచే చిన్న గుడ్డని చెయ్యి దానంతటదే గాలిలోకి విసిరింది. నడుం దగ్గర గట్టి కుదుపు, నెత్తి మీద నీలం గుడ్డ విచ్చుకున్న శబ్దం. పైనుంచి రాజమోహన్ ఏదో అరుస్తున్నాడు. సంతోషంతో కేకలు వేస్తున్నాడనుకుంది. తనూ నవ్వుతూ ఒక కేక వేసింది.

వాలే ముందు మాత్రమే ఆమెకి కనిపించింది. కాలువ గట్టు మీద జనం పరుగెడుతున్నారు. ఎవరో కుండ మీద గరిటెతో అదేపనిగా కొడుతున్నారు. ముసలాయన ఒకాయన దూడని లాగలేక తాడు వదిలేసి పరుగెత్తాడు. చేలో చిక్కుడు తీగల దగ్గర ఉన్న ఒక ఆడమనిషి ఇద్దరు పిల్లల్ని చెరో చంకన ఇరికించుకుని, నీళ్లు లేని పిల్లకాలువలోకి దూకేసింది.

బేబీ వాలిన చోటు నుంచి ఆ పిల్లకాలువ నాలుగంగల దూరం. పేరాషూట్ వెనక ఈడ్చుకొస్తుండగానే పరుగెత్తింది. ఆ మనిషి పిల్లల మీద బోర్లా పడి ఉంది. బేబీ నీడ పడగానే తల ఎత్తింది. ఒక చెయ్యి వంకరగా వేలాడుతోంది. ఆ చేతిని రెండో చేతికి చేర్చి దణ్ణం పెట్టబోయింది.

"పిల్లల్ని వదిలెయ్యండి" అంది బర్మీస్‌లో. "మా దగ్గర ఎవరూ లేరు. ఎదురు తిరిగినవాళ్లెవరికీ మేం అన్నం పెట్టలేదు."

"నేను సైన్యం మనిషిని కాదమ్మా" అంది బేబీ. హెల్మెట్ ఊడబెరికి చూపించింది. "చూడు, నేనూ ఆడదాన్నే. యాంగోన్ నుంచి వచ్చాను. టార్పాలిన్లు కుట్టుకునేదాన్ని."

ఆ మనిషికి ఆ మాటలు ఎక్కలేదు. చిన్నపిల్ల నోరు తల్లి అరచేత్తో గట్టిగా మూసి ఉంది. ఆ పిల్ల ఏడవను కూడా లేదు. ఏడవకూడదని ముందే నేర్చుకున్నట్టు కళ్లు మూసుకుని ఉంది.

ఆమె పేరు మా సాన్. ఉత్తరాన ఊరు కాలిపోతే పిల్లలతో దక్షిణానికి నడిచొచ్చి, ఇక్కడ దూరపు చుట్టాల పాకలో ఉంటోంది. వాళ్ల ఊరి మీదకి మోటారు కట్టిన పేరాషూట్ల మీద సైనికులు వచ్చి బాంబులు వేశారు. ఈ సంగతులు బేబీకి తర్వాత తెలిశాయి. ఆ పొద్దున మాత్రం ఊరి పెద్ద, పంచె ఎగ్గట్టుకుని ఒగరుస్తూ వచ్చి, పేరాషూట్ కేసీ ఆమె కేసీ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకు దూకావు?" అన్నాడు.

బేబీ టవరు కేసి చూసింది. డాక్టరు దూకకుండా కడ్డీలు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు.

"ఆటండీ. ఇది ఒక ఆట."

"ఆట" అన్నాడు ఆయన. ఆ మాటని కోపంగా కూడా అనలేదు. "మీరు ఆడుకోవడానికి మా ఊరే దొరికిందా? ఇది చూసి ఎవరైనా కబురు చేస్తే సాయంత్రానికి ఇక్కడికి మిలటరీ బండ్లొస్తాయి. అప్పుడు మీరుండరు, మేముంటాం."

పేరాషూట్‌ని గడ్డి బండిలో, గడ్డి కింద దాచి పంపించాడు. మా సాన్‌ని మూడు చక్రాల బండిలో ట్వంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారంతా ఆమె బేబీ వైపు చూడలేదు. చేతికి కట్టు వేసేటప్పుడు మాత్రం ఒక మాట అంది.

"మోటారు చప్పుడు వినపడుతుంటే పరవాలేదు, ఇంకా దూరంగా ఉన్నట్టు. చప్పుడు ఆగిపోతేనే భయం. ఆపేశాకే వేస్తారు. నువ్వు చప్పుడు లేకుండా వచ్చావు."

మరుసటి ఆదివారం టీ కొట్టులో డాక్టరు, "నావల్ల కాదు. ఈ దేశంలో ఇంక ఎక్కను" అన్నాడు. ఎత్తులు, గాలులు అన్నీ దాచుకున్న ఫోన్లోంచి వాళ్ల గుంపుని అక్కడికక్కడే తీసేశాడు. బేబీ అడ్డు చెప్పలేదు. రాజమోహన్ ఊరుకోలేదు.

"సయాకి అయిపోనాది. నీకూ అయిపోనాది. నీ మ్యాచ్ నువ్వు ఆడీసినావు కదా. మరి నా సంగతేటి?"

"నీ సంగతి ఇప్పుడేటిరా? ఆ మనిసి సెయ్యి ఇరిగిపోతే..."

"నేను ఇరగ్గొట్టినానా? నేను పైనుంచి అరిసినాను, జనం పారిపోతన్నారక్కా, ఊరికి దూరంగా తిప్పుకో అని. నువ్వు ఇన్నావా? నవ్వుతన్నావు. రాకెట్ నాకియ్యి. జనం నేని సోటు నేను సూసుకుంటాను."

"ఇవ్వను."

"అక్కా."

"సచ్చిపోతావురా. నీకు రాదు. ఇవ్వనంటే ఇవ్వను."

"నేర్సుకోడానికెల్లనివ్వరు! నేర్సుకోకుండా నువ్వివ్వవు! మరేటి సెయ్యమంటావు నన్ను?"

కొట్టులో అందరూ తిరిగి చూశారు. బాడ్మింటన్ కోసం ఇంత గొడవా అనుకుని ఉంటారు. రాజమోహన్ టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. వాడు ఇంటికొచ్చి సింహాచలమ్మని మాయ చేసి పట్టుకుపోతాడేమోనని బేబీ పేరాషూట్‌ని షెడ్డులో టార్పాలిన్ల చుట్టల కింద దాచింది. మర్నాటి నుంచి వాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక మంగాయమ్మే వచ్చి చెప్పింది, కొడుకు అడవి దారిన సరిహద్దు దాటి థాయిలాండ్ చేరాడని. తర్వాత వాడి గొంతు ఫోన్లో వచ్చింది. "అక్కా, మొక్కజొన్న మూటలు మోస్తన్నాను. కాయితాల్లేవు. ఈ గోడౌన్ దాటి బయటికెల్తే పోలీసులు పట్టుకుంటారు. థాయిలాండ్ ఎల్లు, థాయిలాండ్ ఎల్లన్నావు కదా. ఒచ్చీసినాను. ఇక్కడ టవరు కూడా నేదు ఎక్కడానికి." నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. బేబీ ఏదో చెప్పబోయింది. లైను పోయింది.

ఆమె మా సాన్‌ని చూడటానికి ట్వంటే వెళ్లడం మొదలుపెట్టింది. నది దాటి, బస్సు దిగి, బురదలో గట్టు మీద నడిచి. మొదటిసారి ఎండుచేపలు, బిస్కెట్లు తీసుకెళ్తే చుట్టాలు తీసుకున్నారు, మా సాన్ పాకలోంచి బయటికి రాలేదు. రెండోసారి పిల్లలకి గొడుగులు తీసుకెళ్లింది. ఇచ్చాక, గొడుగు విప్పగానే చిన్నది ఎందుకు వెనక్కి గెంతిందో అర్థమై, తన తెలివికి తనే తలకాయ కొట్టుకుంది. మూడోసారి పాకకి కప్పుకోమని మంచి టార్పాలిన్ పట్టుకెళ్లింది. దాన్ని తీసుకున్నారు. ఆ రోజు మా సాన్ గుమ్మంలోకి వచ్చింది. కట్టు విప్పేశారు. చెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది.

"చెయ్యి ఎలా ఉంది?" అంది బేబీ.

"నీళ్ల బిందె ఎత్తలేను."

"నేను డాక్టరుతో మాట్లాడతాను. యాంగోన్‌లో పెద్ద ఆసుపత్రికి..."

"వద్దు" అంది మా సాన్. తిట్టడం లేదని తెలిసేలా మెల్లగా చెప్పింది. "నువ్వు చెడ్డదానివని కాదు. నాకు తెలుసు. కానీ నువ్వు ఇంకెప్పుడూ రాకు. నువ్వొచ్చిన ప్రతిసారీ పిల్లలు రెండు రోజులు ఆకాశం కేసే చూస్తూ కూర్చుంటున్నారు. పిలిస్తే పలకరు."

బేబీకి చెప్పాల్సినవి చాలా నోటిదాకా వచ్చాయి. తను ఎప్పుడూ ఎవరికీ హాని తలపెట్టలేదని, అది తెరుచుకోకపోతే చచ్చేది తనేనని, ఆకాశం తనకి కూడా ఈ దేశంలో ఒక్కరోజే దొరికిందని. అయినా సరేనని చెప్పి చెప్పులు తొడుక్కుంది. పెద్ద పిల్లవాడు పాక పక్కన నిలబడి, ఆమె గట్టు మలుపు తిరిగేదాకా ఆమె చేతుల్లో ఏముందో చూస్తూనే ఉన్నాడు.

బస్సు రావడానికి ఆలస్యమైంది. వచ్చింది కూడా నిండుగా ఉంది. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని వేలాడుతూ వస్తుంటే, కండక్టరు "లోపలికి జరగమ్మా, పడిపోతావు" అని కసిరాడు. జరగడానికి చోటు లేదని ఆమె తిరిగి అరిచింది. గొంతు చిట్లేలా అరిచింది. కండక్టరు బెదిరిపోయి మొహం తిప్పుకున్నాడు. రేవు దాకా బేబీ అక్కడే వేలాడుతూ వచ్చింది.